మూఢం వెళ్ళాక

కౌంటరు వెనకాల కూచున్న చైనీసు అమ్మాయి విశ్వేశ్వరరావు జోకుకి నవ్వలేదు. జోకు అర్థమయ్యీ నవ్వనివాళ్ళని ఆయన తన జీవితంలో చాలామందిని చూశాడు. అలాంటివాళ్ళకి రెండోసారి చెబుతాడు.

"రిటైర్డ్ మీన్స్ వాట్, మేడమ్? రీ-టైర్డ్. న్యూ టైర్స్ ఫిటెడ్. ఐ కెన్ రన్ అనదర్ ట్వంటీ ఇయర్స్."

ఆ అమ్మాయి మర్యాదగా తల ఊపి, "సో, నో ఎంప్లాయర్ నౌ, సర్," అంది. అది ప్రశ్న కాదు. తీర్పు లాగా ఉంది.

లావెండర్ స్టేషన్ పక్కన ఇమిగ్రేషన్ భవనంలో సోమవారం ఉదయం కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. కూచున్నవాళ్ళలో సగం మంది మన కుర్రాళ్ళే. మెళ్ళో ఆఫీసు తాళ్ళు, వీపున లాప్‌టాప్ సంచులు, చంకలో కొత్త పెళ్ళాలు. హైదరాబాదులో ఒక బస్సు ఎక్కి కూకట్‌పల్లిలో దిగబోయి పొరపాటున సింగపూర్లో దిగినట్టు ఉన్నారు. వాళ్ళ చేతుల్లో కంపెనీ ఉత్తరాలు పెళపెళలాడుతున్నాయి. విశ్వేశ్వరరావు చేతిలో మాత్రం పదవీ విరమణ రోజున బ్యాంకు వాళ్ళు దిగిన గ్రూపు ఫోటో ఉంది. ఎందుకైనా పనికొస్తుందని తెచ్చాడు. ఎందుకూ పనికి రాలేదు.

ఆయన పర్మనెంట్ రెసిడెంటు. అంటే శాశ్వత నివాసి. అయితే ఆ శాశ్వతానికి ఐదేళ్ళకోసారి రీ-ఎంట్రీ పర్మిట్ అనే ముద్ర పడాలి. ముద్ర ఉంటే దేశం దాటి వెళ్ళి మళ్ళీ దర్జాగా రావచ్చు. ముద్ర లేకుండా గడప దాటితే మటుకు వెనకాల తలుపు పడిపోతుంది. తలుపుతో పాటు బెడోక్‌లో సొంత ఫ్లాటూ పోతుంది. ఆ ముద్ర గడువు ఈ శుక్రవారంతో సరి. వచ్చే బుధవారం కాకినాడలో తోడల్లుడి షష్టిపూర్తికి టిక్కెట్లు కొనేసి ఉన్నాయి.

"యువర్ వైఫ్ ఈజ్ వర్కింగ్, సర్?" అడిగిందా అమ్మాయి.

విశ్వేశ్వరరావుకి ప్రాణం లేచొచ్చింది. ఈ ప్రశ్నకి ఆయన దగ్గర ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్న జవాబు ఉంది.

"మై వైఫ్? నో, నో. షీ ఈజ్ మై డిపెండెంట్. ఐ డిపెండ్ ఆన్ హర్ ఓన్లీ ఫర్ సాంబార్."

ఆ అమ్మాయి కంప్యూటర్లో ఏదో టైపు చేసుకుంది. ఆదాయానికి సంబంధించి ఏ కాయితాలున్నా పట్టుకుని గురువారం రమ్మంది. ఇద్దరూ కలిసి రమ్మంది. సాంబారు సంగతి ఎక్కడా రాసుకున్నట్టు లేదు.

ఇంటికి వచ్చేసరికి తాళం వేసి ఉంది. భార్య అరుంధతి ఎప్పటిలాగే ఊరికి ఆ కొసనున్న యూ టీ పేటకి వెళ్ళింది. అక్కడ లత అనే అమ్మాయికి మూడో నెల పాప. అంతకుముందు ఇంకెవరికో బాబు. ఐటీ వచ్చాక ఈ ఊళ్ళో ప్రోగ్రాములు ఎంత తొందరగా రాస్తున్నారో పిల్లల్నీ అంత తొందరగా కంటున్నారని విశ్వేశ్వరరావు అంటూ ఉంటాడు. కన్నవాళ్ళకి నీళ్ళు పొయ్యడం రాదు. వాళ్ళ అమ్మలకి ఇక్కడ వీసా కొన్నాళ్ళే. ఆ తర్వాత అందరూ "ఆంటీ" అని అరుంధతికి ఫోన్ చేస్తారు. ఆవిడకి సొంత పిల్లలు లేరు. అక్క పిల్లలకీ, పక్కింటి పిల్లలకీ పోసి నేర్చుకున్న చెయ్యి అది.

హాట్‌బాక్సులో అన్నం తిని ఆయన డైనింగు బల్ల మీద కాయితాలు పరిచాడు. మూడున్నర దాటాక అరుంధతి వచ్చింది. ఆముదం వాసన ముందు వచ్చి, మనిషి తర్వాత వచ్చింది.

"ఏమన్నారండీ?" అంది చెప్పులు విప్పుతూ.

"ఉద్యోగం ఏదీ అన్నారు. అది ఊడిందన్నాను. పన్ను కట్టాను కదా ఇన్నేళ్ళు అన్నాను. కట్టిన పన్ను, ఊడిన పన్ను ఒకటే, మళ్ళీ మొలవవు అన్నట్టు చూసింది."

"అప్పుడే చెప్పాను కదండీ. ఉద్యోగంలో ఉండగానే ఆఫీసు ఉత్తరం తీసుకుని వెళ్ళమని. మూడు నెలల ముందు నుంచీ తీసుకుంటారంట కదా."

"అప్పుడు మహాలయ పక్షాలు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత శుక్ర మూఢం. నీకు తెలీందేముంది."

ఫ్రిజ్ పక్కన గోడకి పంచాంగం వేలాడుతోంది. ఏటేటా కాకినాడ నుంచి ఎవరో ఒకరి సూట్‌కేసులో అది వస్తుంది. బ్యాంకు కంప్యూటర్ విభాగంలో పనిచేసినన్నాళ్ళూ విశ్వేశ్వరరావు రాహుకాలంలో ఒక్క ప్రోగ్రామూ మార్చలేదు. బ్యాంకు వాళ్ళు దాన్ని క్రమశిక్షణ అనుకుని ఒక ఏడాది బహుమతి కూడా ఇచ్చారు.

"మూఢం కొత్త పనులకండీ," అంది అరుంధతి. "ఇది పాతదేగా, పొడిగించడం. పాత చీరకి ఫాల్సు కుట్టించుకోడానికి మూఢం ఎవరు చూస్తారు?"

మూఢం మొన్న వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు ఒంటరిగా వెళ్ళలేదు, ఆయన ఉద్యోగాన్ని కూడా వెంటబెట్టుకుని వెళ్ళింది.

"పోనీ శుభ్రంగా కాకినాడ వెళ్ళిపోదామంటావా? అక్కడ పూర్తిగా స్థిరపడితే కొన్నాళ్ళకి ఇక్కడి డిపాజిట్ల వడ్డీకి అక్కడ పన్ను. నోట్లో ఉన్నవాటికంటే కట్టేవే ఎక్కువవుతాయి. ఫ్లాటు అమ్మాలి. ఈ వయసులో అక్కడ ఇల్లు వెతకాలి. అక్కడ మనల్ని ప్రవాసులంటారు, ఇక్కడ నివాసులు కాదంటారు. మధ్యలో విమానంలో కాపురం పెట్టాలి."

"నాకు వెళ్ళాలని లేదండీ," అంది అరుంధతి. పైకి గట్టిగా అనలేదు. టిఫిను డబ్బా మూత తీస్తూ అంది. "మరి నా సంగతి చెప్పారా అక్కడ?"

"నీ సంగతేముంది?"

"నేను పనిచేస్తున్నాను కదండీ, యూ టీలో."

విశ్వేశ్వరరావు ముఖం వెలిగింది. పొద్దుటి నుంచీ ఎవరూ ఆయనకి ఇంత సుళువైన బంతి వెయ్యలేదు.

"పసిపిల్లలకి నీళ్ళు పొయ్యడం ఉద్యోగం అయితే అరుంధతీ, బెడోక్‌లో ప్రతి కుళాయికీ పెన్షనివ్వాలి."

తనే నవ్వాడు. చాలాసేపు నవ్వాడు. అరుంధతి తీసిన మూత మళ్ళీ పెట్టేసి, డబ్బా పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది.

మంగళవారం ఆయన వుడ్‌ల్యాండ్స్ వెళ్ళాడు. సుధాకరరావు అనే ఆయనకి అక్కడొక గోదాముల సముదాయంలో మనుషుల్ని సప్లై చేసే కంపెనీ ఉంది. కింద అంతస్తు నుంచి షిప్‌యార్డు వాళ్ళనీ, కట్టడాల కూలీలనీ సప్లై చేస్తాడు, పై అంతస్తు నుంచి సాఫ్ట్‌వేరు వాళ్ళని. తెలుగు సమాజం ఉగాదికి ఎప్పుడూ పులిహోర ఖర్చు ఆయనదే కనుక ఆయన్ని మంచివాడనే అనుకుంటారు.

మేనేజరు పిలిచేదాకా కింద బల్ల మీద కూచోమన్నారు. బల్ల మీద అప్పటికే ఓ ముగ్గురు కూచుని ఉన్నారు. బూట్లకి ఎండిన సిమెంటు. అందులో పెద్దవాడు జరిగి చోటిచ్చాడు.

"రండి సార్, కూకోండి. మీది కూడా పర్మిట్టు అయిపోయినాదేటి?"

"ఈ శుక్రవారంతో అయిపోతుంది."

"నాది ఆదివారం," అన్నాడతను. పేరు దానయ్య, టెక్కలి దగ్గర. "పదకొండేళ్ళయినాది సార్. ఆ ఎయిర్‌పోర్టు కాడ కొత్త టెర్మినలుంది సూసినారా, దానికి రాడ్లు కట్టినది మేమే. ఇంటికెళ్ళేటప్పుడు అందులోంచే ఎళ్తామేమో తెల్దు. మళ్ళీ రానిస్తారో నేదో మరి ఆలే సెప్పాల."

విశ్వేశ్వరరావు జోకు కోసం వెతికాడు. రాడ్ల మీద ఒకటి తట్టింది గాని, ఆ బూట్లు చూశాక బయటికి రాలేదు. బల్ల మీద అందరి మోకాళ్ళూ ఒకే ఎత్తులో ఉన్నాయి. ఇన్నేళ్ళూ తను పై అంతస్తు మనిషిననుకున్నాడు.

పైన సుధాకరరావు ఏసీ గదిలో కాఫీ ఇప్పించాడు.

"అన్నగారూ, దీనికింత కంగారేంటండీ. నా కంపెనీలో మిమ్మల్ని సీనియర్ అడ్వైజర్‌గా చూపిస్తాను. లెటరు ఇచ్చేస్తాను. జీతం మీ డబ్బే, మీ చేత్తో నాకిచ్చి, నా చేత్తో మీకు. పీయెఫ్ కట్టినట్టు ఉంటుంది. నాకు కాస్త సర్వీసు చార్జి, అంతే."

"మరి పని?"

"పనా? మీరు ఇక్కడికి రాకపోవడమే పనండి."

జీవితంలో మొదటిసారి తనకంటే బాగా మాట్లాడేవాడు ఎదురైనట్టు అనిపించింది విశ్వేశ్వరరావుకి. బయానా ఇచ్చాడు. కంపెనీ పేరు పైన బంగారు రంగులో ఉన్న ఉత్తరం చేతికి వచ్చింది. వస్తూ కింద బల్ల వైపు చూడకుండా వచ్చేశాడు.

సాయంత్రం ఆ ఉత్తరం అరుంధతికి చదివి వినిపించాడు. ఆవిడ బీన్స్ ఈనెలు తీస్తూ వింది.

"ఏం సలహా ఇవ్వాలండీ మీరు వాళ్ళకి?"

"ఏమీ ఇవ్వకూడదు. అదే షరతు."

ఆవిడ ఇంకో నాలుగు బీన్సు తీసింది. "రేపు పొద్దున్న నాతో రండి, యూ టీ దాకా," అంది.

"నేనెందుకు?"

"ఖాళీయే కదండీ. సంచీ పట్టుకుందురుగాని."

బెడోక్ నుంచి యూ టీ అంటే ఈ ద్వీపంలో తూర్పు మొన నుంచి పడమర దాకా వెళ్ళి మళ్ళీ ఉత్తరానికి తిరగడం. విశ్వేశ్వరరావుకి ఆఫీసు ఎప్పుడూ దగ్గరే. అరుంధతి ప్లాట్‌ఫారం మీద నాలుగడుగులు వెనక్కి నడిచి ఒకచోట నిలబడింది. రైలు వచ్చి ఆగితే తలుపు సరిగ్గా ఆవిడ ముందే తెరుచుకుంది. జురోంగ్ ఈస్ట్‌లో దిగితే సరిగ్గా ఎదురుగా మెట్లు. ఆవిడ ఎవరినీ అడగలేదు, ఏ బోర్డూ చూడలేదు. ఆయన సంచీ మోస్తూ వెనకాల పరుగెత్తాడు.

"రోజూ ఇంత దూరం వస్తున్నావా?"

"ఆయ్."

లత ఇంట్లో స్నానాల గది ముందు పీట వేసి ఉంది. అరుంధతి చీర మోకాళ్ళ దాకా ఎగదోపి, కాళ్ళు చాపి కూచుంది. పాపని కాళ్ళ సందున బోర్లా పడుకోబెట్టింది. గిన్నెలో గోరువెచ్చని ఆముదం. బొటనవేలితో వెన్నుపూస వెంట పైనుంచి కిందికి ఒకే ఒక్క గీత, మళ్ళీ పైనుంచి. పాప ముందు గుక్క పట్టింది. వెల్లకిలా తిప్పి కుడిచెయ్యీ ఎడంకాలూ కలిపి, ఎడంచెయ్యీ కుడికాలూ కలిపి తాడు పేనినట్టు లాగేసరికి ఏడుపు మధ్యలోనే మరిచిపోయింది. మాడు మీద చెంచాడు నూనె పోసి అరచేత్తో అదిమింది. నీళ్ళలో మోచెయ్యి ముంచి చూసుకుంది. సున్నిపిండి రుద్ది, పాప నుదుటికి ఎడంచెయ్యి చూరులాగా అడ్డంపెట్టి, ఆ చెయ్యి మీంచి నీళ్ళు పోసింది. ఒక్క చుక్క కంట్లో పడలేదు. చివరి చెంబు మూడుసార్లు తిప్పి పక్కన పారబోసింది. తువాల్లో చుట్టేసరికి పాప నిద్రపోయింది.

విశ్వేశ్వరరావు గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆవిడ పని చూడటం ఇదే మొదలు. కుళాయి జోకు ఆయనకి ఎందుకో గుర్తొచ్చింది. గుర్తు రాకుండా ఉంటే బాగుండేది.

"ఆంటీ లేకపోతే అంకుల్, మేం టిష్యూలతో తుడుస్తూ కూచునేవాళ్ళం," అన్నాడు లత మొగుడు నిశాంత్, బూట్లు వేసుకుంటూ. "ఆంటీ, మీకు షిఫ్ట్ టైమ్ అయిపోతోంది. లిఫ్ట్ ఆపుతున్నా, రండి."

"షిఫ్టేమిటి?" అన్నాడు విశ్వేశ్వరరావు లిఫ్టులో. అంతలోనే లిఫ్టు కిందికి వచ్చేసింది.

బ్లాకు కింది ఖాళీ జాగాలో గాజు తలుపుల శిశు సంరక్షణ కేంద్రం ఉంది. గోడల నిండా బాతులు. అరుంధతి చెప్పులు అరలో పెట్టింది. ఆ అరలో ఆవిడ చోటు ఆవిడకి ఉంది. కొక్కేనికి వేలాడుతున్న పసుపుపచ్చ ఏప్రన్ తీసి చీర మీద కట్టుకుంది. మెళ్ళో తాడు వేసుకుంది. ఆ తాడుకి ఆవిడ ఫోటో ఉంది.

"అరూ ఆంటీ, కమ్ కమ్, ట్విన్స్ క్రయింగ్ లా," అంటూ, ఈ ఊరివాళ్ళు మాట చివర తగిలించే 'లా'ని సాగదీస్తూ, లోపలినుంచి తలకి గుడ్డ చుట్టుకున్న మలయ్ ఆవిడ పిలిచింది. పేరు రొకియా, ఈ కేంద్రానికి పెద్ద.

విశ్వేశ్వరరావు గాజు తలుపు బయట సంచీతో నిలబడిపోయాడు. లోపల అరుంధతి ప్లాస్టిక్ తొట్టిలో థర్మామీటరు పెట్టి చూసింది. అది తీశాక, ఎవరూ చూడకుండా మోచెయ్యి కూడా ముంచి చూసుకుంది.

టీ విరామానికి ఆవిడ బయట సిమెంటు బల్ల దగ్గరికి వచ్చింది. ఆయన అక్కడే ఉన్నాడు.

"ఎప్పుడు చేరావు?"

"శ్రావణ శుక్రవారం నాడండి. మంచిరోజని."

"నాకు చెప్పలేదే."

"చెప్పానండీ. మీరు అన్నం తింటున్నారు. 'పిల్లల సెంటర్లో చేరమంటున్నారండీ, చేరనా' అన్నాను. 'సెంటర్లో చేరితే సెంటు వాసన రావాలే, నీ దగ్గర ఆముదం వాసన వస్తోందే' అన్నారు. నవ్వారు. సరే అన్నారనుకుని చేరిపోయాను."

ఆ జోకు ఆయనకి బాగా గుర్తుంది. దాన్ని తర్వాత ఆఫీసులో కూడా చెప్పాడు. దానికి ముందు ఆవిడ అన్న మాట మటుకు ఎంత వెతికినా దొరకలేదు.

"జీతం ఇస్తారా?"

"నెలనెలా బ్యాంకులో పడుతుందండీ. పీయెఫ్ కూడా కడుతున్నారు, వాళ్ళ వాటా, నా వాటా." ఆవిడ టీ ఊదుకుంది. "సోమవారం ఇంకోసారి చెప్పబోయాను."

కుళాయి మాట ఆవిడ ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆయనకి కాస్త తేలికగా ఉండేది.

"మరిహ నా లెటరెందుకు, నీదీ నాదీ రెండూ పెడదాం," అన్నాడాయన. "రెండు చేతులా సంపాదిస్తున్నట్టుంటుంది."

"అది మీ ఇష్టమండి. చింపెయ్యమని నేను అనను." ఆవిడ టీ కప్పు కింద పెట్టింది. "కానీ ఒక బల్ల మీద రెండూ పక్కపక్కన పెడితే, మీది అబద్ధమని వాళ్ళకి తెలిసిన రోజున నాదీ అబద్ధమే అనుకుంటారు. నాది నిజమండి. పొద్దున్నే ఆరింటి రైలెక్కి తెచ్చుకున్నది."

ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. ఆయన సిమెంటు బల్ల మీద కూచుని సెల్‌ఫోను తీశాడు.

"సుధాకరరావుగారూ, మీ కంపెనీకి రాజీనామా చేస్తున్నానండీ."

"మీరింకా చేరనే లేదు కదండీ, అన్నగారూ."

"అందుకే తొందరగా చేస్తున్నాను."

"బయానా వెనక్కి రాదండి మరి."

"ఉంచుకోండి. మీ దానయ్యకి ఇంటికెళ్ళే టిక్కెట్టు డబ్బుల్లో కలపండి." కలుపుతాడన్న నమ్మకం లేదు గాని, ఆ మాట అన్నాక ఆయనకి ఊపిరి ఆడింది.

గురువారం కౌంటరులో మళ్ళీ ఆ చైనీసు అమ్మాయే. విశ్వేశ్వరరావు కుర్చీ లాగి అరుంధతిని ముందు కూచోబెట్టాడు. తను పక్కన కూచున్నాడు.

"ఎనీ చేంజ్, సర్?" అడిగిందా అమ్మాయి ఆయన్ని గుర్తుపట్టి.

చేంజ్ అన్న మాట వినగానే చిల్లర మీద ఓ జోకు నాలిక చివరిదాకా పరుగెత్తుకొచ్చింది. బంగారం లాంటి జోకు. ఆయన దాన్ని మింగాడు. గొంతులో కాస్సేపు అడ్డంపడి కిందికి దిగింది.

"నో చేంజ్. ఐ యామ్ రిటైర్డ్," అన్నాడు. "బట్ మై వైఫ్ ఈజ్ వర్కింగ్. మండే ఐ టోల్డ్ యూ రాంగ్. షీ టోల్డ్ మీ బిఫోర్. ఐ డిడ్ నాట్ లిజన్."

ఆ అమ్మాయి ఆయన వైపోసారి చూసి, అరుంధతి వైపు తిరిగింది. ఏం పనిచేస్తారని అడిగింది. అరుంధతి ఒళ్ళో చేతులు సర్దుకుంది. ఆవిడ ఇంగ్లీషు యూ టీ లిఫ్టుల్లోనూ, బెడోక్ మార్కెట్లోనూ నేర్చుకున్నది.

"ఇన్‌ఫెంట్ కేర్. బేబీ బాతింగ్. ఐ బాతింగ్, బేబీ క్రయింగ్. ఐ ఫినిషింగ్, బేబీ స్లీపింగ్. ఎవ్రీ డే సేమ్ సేమ్."

ఆ అమ్మాయి నవ్వింది. నోరంతా తెరిచి, పళ్ళు కనిపించేలా నవ్వింది. విశ్వేశ్వరరావు రెండుసార్లు చెప్పినా రానిది ఒక్కసారికే వచ్చింది.

"మై సిస్టర్ గాట్ న్యూ బేబీ," అంది కాయితాలు తీసుకుంటూ. "క్రై ఓన్లీ. నెవర్ స్లీప్."

"వాటర్ నాట్ హాట్ ఇనఫ్," అంది అరుంధతి. మోచెయ్యి మడిచి చూపించింది. "చెక్ హియర్."

కూచోమన్నారు. కూచున్నారు. తెర మీద అంకెలు మారుతున్నాయి, అవి వీళ్ళవి కావు. విశ్వేశ్వరరావు చేతిలో చీటీ నంబరు మళ్ళీ చూసుకున్నాడు. శుక్రవారం తర్వాత ముద్ర లేకపోతే కాకినాడ టిక్కెట్లు ఏం చెయ్యాలి, షష్టిపూర్తికి వెళ్ళకపోతే ఆవిడ అక్క ప్రభావతి ఏమనుకుంటుంది, ఫ్లాటు ఎవరికి అమ్మాలి, అన్నీ ఒకేసారి వచ్చి కుర్చీ లేక నిలబడ్డాయి. అరుంధతి సంచీలోంచి చిన్న డబ్బా తీసి రెండు లవంగాలు ఆయన చేతిలో పెట్టింది. తను ఒకటి నోట్లో వేసుకుంది. ఎదురుగా ఓ కుర్రజంట చంటిబిడ్డ గుక్కపెట్టి ఏడుస్తోంది. అరుంధతి వేళ్ళు ఒళ్ళో ఉన్నట్టుండి కదిలాయి, లేని నూనె రాస్తున్నట్టు.

పేర్లు పిలిచినప్పుడు ముందు ఆవిడ పేరే పిలిచారు.

"మేడమ్, ఫైవ్ ఇయర్స్," అంది కౌంటరు అమ్మాయి. తర్వాత ఆయన వైపు చూసి గొంతు కొంచెం తగ్గించింది. "సర్, వన్ ఇయర్. నెక్స్ట్ ఇయర్ యూ కమ్ విత్ మేడమ్స్ పేపర్స్, కెన్." కెన్ అంటే ఈ ఊళ్ళో 'అయిపోతుంది' అని.

విశ్వేశ్వరరావు తన ముద్రనీ ఆవిడ ముద్రనీ పక్కపక్కన పెట్టి చూశాడు. జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ పన్ను కట్టినవాడికి ఒక్క ఏడాది. శ్రావణంలో చేరిన మనిషికి ఐదు. అన్యాయం అనే మాట నోటిదాకా వచ్చింది. దాని వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. ఇన్నేళ్ళూ ఆవిడ ముద్ర ఎప్పుడూ తన ముద్ర వెనకాలే పడింది. అప్పుడు ఆవిడ ఏమనుకుందో తను ఏనాడూ అడగలేదు. వెనకాల నిలబడితే ముందు వాళ్ళ వీపు తప్ప ఏమీ కనపడదు. ఆ వీపు ఎప్పుడూ జోకులేస్తూనే ఉంటే మాట కూడా వినపడదు.

"ఏడాదికోసారి నాతో రండి, ఏమైంది," అంది అరుంధతి మెట్లు దిగుతూ. "రైలే కదండీ."

"నువ్వు నిలబడే చోట నిలబడితే తలుపు ఎదురుగా వస్తుందా?"

"వస్తుందండీ. నాలుగడుగులు వెనక్కి."

శుక్రవారం ఆవిడ వద్దన్నా ఆయన యూ టీ దాకా వచ్చాడు. సంచీ తనే మోశాడు. గాజు తలుపు దగ్గర రొకియా ఎదురొచ్చింది. మొన్న కూడా ఈ పెద్దమనిషి సంచీతో నిలబడటం ఆవిడ గమనించినట్టుంది.

"అరూ ఆంటీ, హూ ఈజ్ దిస్ అంకుల్?"

ఈ ప్రశ్నకి విశ్వేశ్వరరావు దగ్గర కనీసం అరడజను జవాబులున్నాయి. దేన్ని వదలాలో తేల్చుకునే లోపల అరుంధతి ఏప్రన్ ముడి వేసుకుంటూ, ముఖంలో ఏ మార్పూ లేకుండా అంది.

"మై డిపెండెంట్, లా."

రొకియా తలుపు చట్రం పట్టుకుని నవ్వింది. లోపలున్న ఇద్దరు ఆయాలు కూడా నవ్వారు. విశ్వేశ్వరరావు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. అరుంధతి జోకు వెయ్యడం ఆయన ఎరగడు. ఇదే మొదటిదో, ఇన్నాళ్ళూ వేసినవి తను వినలేదో, ఆయనకి తెలియలేదు. తర్వాత ఆయనా నవ్వాడు. ఇంకొకరి జోకుకి నవ్వడం కొత్త గనుక మొదట్లో కొంచెం దగ్గులాగా వచ్చింది, పోను పోను కుదురుకుంది.

"ఇంక వెళ్ళండి, పిల్లలు జడుసుకుంటారు," అంది అరుంధతి. "ఇంటికెళ్ళి నేనొచ్చే వేళకి అన్నం పెట్టండి. నీళ్ళు పొయ్యడం తెలుసా?"

ఆ మాట ఆవిడ మామూలుగానే అంది. ఆయన చెవిలో మాత్రం మామూలుగా పడలేదు.

"తెలీదు," అన్నాడు. "చెప్పు."

"బియ్యం రెండుసార్లు కడగండి. కుక్కర్లో సమంగా సర్దండి. వేలు నిలబెట్టి బియ్యాన్ని తాకించండి. పైన ఒక కణుపు దాకా నీళ్ళు పొయ్యండి. పాత బియ్యం అయితే ఇంకో పిసరు. మనవి పాతవే."

లోపల కవలల్లో ఒకరు ఏడుపు మొదలుపెట్టారు. అరుంధతి వెనక్కి తిరిగింది.

"ఒక కణుపు," అన్నాడు విశ్వేశ్వరరావు. "పాతవైతే ఇంకో పిసరు."

గాజు తలుపు మూసుకుంది. తిరుగు రైల్లో బెడోక్ దాకా ఆయన తన చూపుడువేలు కేసి చూసుకుంటూనే కూచున్నాడు.